వానకాలంల కాంగేర్ ఘాటీ, చిత్రకోట్ – వరంగల్ నుంచి కార్ల పోవాలంటే ఏ తొవ్వ మంచిది?

హన్మకొండ_వ్యాగన్ఆర్:

అందరికీ నమస్తే. వానలు మొదలైన కాడి నుంచి మా ఇంట్ల ఒక్కటే లొల్లి, చెరువులన్ని మత్తడి దుంకుతున్నయి, మనమేమో ఇంట్ల కూసోని మిర్చీలు తింటున్నం, యాడికన్న తీస్కపో అని. బొగత చూసిండ్రు, కుంటాల పొచ్చెర చూసిండ్రు, అవి వద్దంట. మా చిన్నోడికి స్కూల్ల నేషనల్ పార్కుల మీద ప్రాజెక్ట్ ఇచ్చిండ్రు, అందుకని నేషనల్ పార్కే కావాలె, అండ్ల జలపాతం కూడా ఉండాలె అని కూసున్నడు. మన రాష్ట్రంల నేషనల్ పార్కులు మూడే, మూడూ హైదరాబాద్ దిక్కే, కేబీఆర్, హరిణ వనస్థలి, మృగవని. అండ్ల జలపాతం కావాలంటే పెద్దవాన పడ్డనాడు ఏదన్న ఫ్లైఓవర్ కింద నిలబడాలె.

వెతుకంగ వెతుకంగ ఛత్తీస్‌గఢ్‌ల జగదల్‌పూర్ పక్కన కాంగేర్ ఘాటీ నేషనల్ పార్క్ తేలింది, లోపల తీరథ్‌గఢ్ జలపాతం, ఇంకో దిక్కు చిత్రకోట్. మ్యాప్ల వరంగల్ నుంచి నాలుగొందల కిలోమీటర్లకు అటుఇటు చూపెడుతున్నది. ఆగస్టు 15 సెలవు, దానికి ముందో ఎనకో లీవు కలుపుకోని పోదామని ఆలోచన. నేను, ఇంటామె, చిన్నోడు, మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పి, పైగా శ్రావణం కాబట్టి నీసు ముట్టది.

అడిగేది ఏందంటే, ఏటూరునాగారం మీదికెళ్లి భూపాలపట్నం, బీజాపూర్ తొవ్వ మంచిదా, లేకపోతే భద్రాచలం, కుంట, సుక్మా తొవ్వ మంచిదా, ఆ దిక్కు ఇప్పుడు నక్సలైట్ల భయమేమన్న ఉన్నదా, కాంగేర్ పార్క్‌ల గుహలు వానకాలంల చూడనిస్తరా, వ్యాగన్ఆర్ అయితదా లేక ఎవర్నన్న పెద్దబండి అడగాల్నా. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.


చౌరస్తా_చాయ్:

అన్నా ఊకె గంత దూరం ఎందుకు, పొద్దుగాల లేచి రామప్ప చూస్కోని, లక్నవరంల ఊగే బ్రిడ్జి ఎక్కి, బొగత పొయ్యి మాపటికి ఇంటికొచ్చి పండుకోవచ్చు. నీళ్లు యాడైనా నీళ్లే. చిన్నోడి ప్రాజెక్ట్‌కు ఫోటోలు నెట్ల దొరుకుతయి.


హన్మకొండ_వ్యాగన్ఆర్:

@చౌరస్తా_చాయ్ ఈ ముక్క మా ఇంటామె ముందట నువ్వే చెప్పు అన్నా, నేనైతె చెప్పలేను.


ములుగు_మనిషి:

తమ్మీ, ఈ తొవ్వ మాకు రోజుటి తొవ్వ కాబట్టి కొంచెం పెద్దగనే రాస్తున్న, ఓపికుంటే చదువు.

ముందుగాల ఒకటి అర్థం చేస్కో. చిత్రకోట్ కాడ దుంకేది ఇంద్రావతి. ఆ నీళ్లే బీజాపూర్ జిల్లా అంచు పట్టుకోని వచ్చి భూపాలపట్నం దిక్కు గోదాట్ల కలుస్తయి, తర్వాత మన ముల్లకట్ట బ్రిడ్జి కిందికెళ్లి పోతయి. కాంగేర్ నది నీళ్లు, అంటే తీరథ్‌గఢ్ కాడ దుంకేటివి, అటు కొలాబ్ నదిల కలిసి, శబరి అనే పేరుతోని కూనవరం కాడ గోదాట్లకు వస్తయి. అంటే నువ్వు చూడబొయ్యే రెండు జలపాతాలు నువ్వు పొయ్యే రెండు తొవ్వల మీదికే వస్తయన్న మాట. అక్కడ జలపాతం ఫుల్లుగ దుంకుతున్నదని ఎవడో వీడియో పెట్టిండు, చూసి మనం సంబురపడి బండి తీసినం అనుకో, రెండు మూడు రోజులకు ఆ నీళ్లే ఇక్కడ రోడ్డు మీద మనకు ఎదురొస్తయి. పోవుడు ఈజీనే, వచ్చేటప్పుడు ఇరుక్కుంటం.

ఇప్పుడు తొవ్వ. హన్మకొండ, ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, అంతా ఎన్‌హెచ్ 163. ములుగు రాకముందే గట్టమ్మ తల్లి కాడ ఆగి కొబ్బరికాయ కొట్టి పోతరు అందరు, మీ అమ్మ ఎట్లాగూ ఆపమంటది కాబట్టి టైం లెక్కల వేస్కో. పస్రా దాటినంక అడవి, రోడ్డు మంచిగనే ఉంటది కాని పస్రాకు తాడ్వాయికి మధ్యల జలగలంచ వాగు ఉన్నది, పెద్దవాన పడితే అది రోడ్డెక్కుతది. 2023 జులైల ఎట్లయిందో యాదికుండె ఉంటది, మా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్క రోజులనే 649.8 మిల్లీమీటర్లు పడ్డది, జంపన్న వాగు పొంగి కొండాయిల మనుషులే కొట్టుకపొయ్యిండ్రు. అదే వారం వెంకటాపురం మండలంల ముత్యంధార జలపాతం చూడబొయ్యిన టూరిస్టులు వాగు అవతల ఇరుక్కుంటె రాత్రిపూట ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు పొయ్యి తెచ్చిండ్రు. వాళ్లు పొయ్యేటప్పుడు ఆ వాగు మామూలుగనే ఉన్నది, వచ్చేటప్పటికి పొంగింది. అందుకే చెప్తున్న. ఇంకోటి, తాడ్వాయి దిక్కు అడవిల 2024 ఆగస్టు ఆఖరుకు ఒక్క గాలివానకే వేల చెట్లు కూలినయి, అదేందో ఇప్పటికీ ముచ్చట్లు చెప్పుకుంటరు, గాలి మొదలైతే మాత్రం నీడున్నదని చెట్టు కింద బండి ఆపకు, ఊరు దాకా పొయ్యి ఆపు.

ఏటూరునాగారం దాటి ముల్లకట్ట బ్రిడ్జి ఎక్కితే అటు పూసూరు, వాజేడు మండలం. బ్రిడ్జి కాకముందు గోదారి అవతలికి పోవాలంటే భద్రాచలం దాకా తిరిగి రావాల్సొచ్చేది, ఇప్పుడు ఆ కష్టం లేదు. బొగత కూడా ఈ తొవ్వకు పక్కనే. చూసిన్నని అన్నవు కదా, టైముంటే ఒక గంట ఆగు, లేకుంటె వచ్చేటప్పుడు చూడు, ఉధృతి ఎక్కువున్నప్పుడు దగ్గరికి పోనియ్యరు, నీళ్లల్లకు దిగనియ్యరు, అది మంచిదే.

వాజేడు, పేరూరు, టేకులగూడెం, ఆ తర్వాత తార్లగూడెం, అది ఛత్తీస్‌గఢ్. ఈ టేకులగూడెం కాడనే అసలు సంగతి. గోదారి పెరిగితే ఎనక్కి తన్నిన నీళ్లు అక్కడ హైవే మీదికొస్తయి, రెండు రాష్ట్రాల మధ్య బండ్లు బంద్. పైన వాన పడకున్నా సరే, ఎండ కొడుతున్నా సరే, గోదారి నిండితే రోడ్డు మునుగుతది. చాలామంది ఇక్కడ వాన లేదు కదా అని బయలెల్లుతరు, అక్కడికి పోంగనే పోలీసోళ్లు ట్రాక్టర్ అడ్డంపెట్టి నిలబడి ఉంటరు. అందుకని బయలెల్లే ముందు వరంగల్ల వాన చూడకు, పేరూరు కాడ, భద్రాచలం కాడ గోదారి ఎంతున్నదో చూడు, పేపర్ల టీవీల రోజూ చెప్తరు. భద్రాచలం కాడ 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. నా లెక్కల 43 దిక్కు పోతున్నదంటేనే సంచులు ఇప్పేసి ఇంట్ల పెట్టుకోవాలె.

భూపాలపట్నంల తెలుగు నడుస్తది, చాయ్ కాడ, పంక్చర్ కాడ ఏం ఇబ్బంది లేదు. అక్కడి నుంచి బీజాపూర్ యాభై చిల్లర, తర్వాత భైరంగఢ్, గీదం, బస్తానార్ ఘాట్ ఎక్కి జగదల్‌పూర్. బీజాపూర్ నుంచి జగదల్‌పూర్ నూటఅరవై దాకా. సీఆర్‌పీఎఫ్ క్యాంపులు తొవ్వ పొడుగునా ఉంటయి, ఆపితే అద్దం దించి, లోపల లైటేసి, ఎక్కడ నుంచి ఎక్కడికి అంటే చెప్పు, అంతే. భయం సంగతి అడిగినవు కాబట్టి చెప్తున్న, ముందటి లెక్క లేదు, ఫ్యామిలీలు పోతున్నయి, కాని పొద్దుగూకినంక ఆ అడవిల డ్రైవింగ్ వద్దు, అది వేరే భయం కాదు, ఆవులు రోడ్డు మీదనే పండుకుంటయి, లారీలు ఎదురొస్తయి, వానల ఏం కనపడదు. పొద్దుగాల అయిదింటికి హన్మకొండ దాటితే చీకటి కాకముందే జగదల్‌పూర్ల ఉంటవు. ఇంకోటి మర్చిపొయ్యేటట్టున్న, బీజాపూర్ దిక్కు ఇంద్రావతి నేషనల్ పార్క్ అని వేరే ఉన్నది, పులుల అడవి, చిన్నోడు బోర్డు చూసి ఇదే ఇదే అంటడు, అటు తిప్పకు, మనలాంటి టూరిస్టులు తిరిగేటట్టు ఉండదు అది. మీరు పోవాల్సింది కాంగేర్.


కాజీపేట_డ్రైవరమ్మ:

మేము పోయినసారి సెప్టెంబర్ ఆఖర్ల పొయ్యొచ్చినం, బండి నేనే నడిపిన, ములుగు అన్న చెప్పిన తొవ్వలనే. వ్యాగన్ఆర్ సరిపోతుంది తమ్ముడూ, రోడ్డుకు పెద్దబండి అక్కర్లేదు, కానీ టైర్లు అరిగినయి ఉంటే మార్చు, వైపర్ రబ్బర్లు కొత్తవి వేయించు, అవి వందల్లోనే వస్తయి. రోడ్డు మీద నీళ్లు పారుతున్నప్పుడు మాత్రం ఏ బండి అయినా ఒకటే, పారే నీళ్లు ఒక అడుగు లోతుంటే చాలు చిన్నకారును లేపేస్తయి, ముందటి బస్సు పొయ్యింది కదా అని ఎనుక పోవద్దు.

ముందు నీకు చేదు మాట చెప్పేస్త. గుహలు చూడలేరు. కుటుంసర్ గుహ వానకాలం మొత్తం మూసేస్తరు, లోపల నీళ్లు నిండుతయి, దీపావళి దాటినంక నవంబర్ దిక్కు తెరుస్తరు. కైలాస్ గుహ, దండక్ గుహ అవి కూడా అట్లనే. పార్క్ లోపల జిప్సీ జీపు ఎక్కి తిరగడం కూడా వానల్లో ఉండదు. మీ చిన్నోడు కళ్లు లేని చేపలు చూస్తా అంటే, అవి కుటుంసర్ల నిజంగనే ఉన్నయి, గుహ చీకట్లో తరాల తరబడి ఉండి చూపు పోగొట్టుకున్నయి, కానీ వానల్లో పోతే చూసే ఛాన్స్ లేదు. ప్రాజెక్ట్‌ల మాత్రం రాసుకోవచ్చు. కాంగేర్ ఘాటీ 1982ల నేషనల్ పార్క్ అయింది, రెండొందల చదరపు కిలోమీటర్లు ఉంటుంది, ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి బస్తర్ పహాడీ మైనా ఉండేది ఇక్కడనే. మనిషి మాటలు అచ్చం అట్లనే అంటుంది అది. మాకు కనపడలేదు, వినపడింది అని మా ఆయన అంటడు, ఆయన మాట మీద నాకంత నమ్మకం లేదు.

మరి వానల్లో ఏముంది అంటే తీరథ్‌గఢ్ ఉంది, అది ఏడాది పొడుగునా తెరిచే ఉంటది. జగదల్‌పూర్ నుంచి ముప్పై అయిదు కిలోమీటర్ల పైన. దాదాపు మూడొందల అడుగులు, కానీ ఒక్కసారి పడదు, మెట్లు మెట్లుగా రాయి మీద రాయి మీద జారుకుంటూ వస్తుంది, అందుకే నీళ్లు తెల్లగా పాలలెక్క కనిపిస్తయి. చిత్రకోట్ దానికి పూర్తి ఉల్టా, ఇంద్రావతి మొత్తం ఒక్కసారే వంగి కింద పడుతుంది, ఎత్తు తొంభై అయిదు అడుగులే కానీ వెడల్పు చూడాలి, వానల్లో ఒడ్డు నుంచి ఒడ్డు దాకా మూడొందల మీటర్ల దాకా వస్తుంది, రంగు ఎర్రమట్టి రంగు. మా అత్తమ్మ మొదలు "ఇదేంది మురికినీళ్లు, దీనికోసమా ఇంత దూరం" అన్నది, అయిదు నిమిషాలకు రెయిలింగ్ పట్టుకోని కదల్లేదు. అక్కడ మాట్లాడుకోలేం, చెవి కాడ నోరు పెట్టి అరవాలి. కళ్లద్దాలు ఉన్నోళ్లు ఒక పొడిబట్ట జేబుల పెట్టుకోండి, తుడుచుకున్న నిమిషానికే మళ్లీ తుంపర్లు. ఎండాకాలంల పడవ ఎక్కిస్తరు, వానల్లో ఆ పడవలు బంద్, ఎవరన్నా ఎక్కిస్త అన్నా ఎక్కొద్దు.

మీ అమ్మగారి మోకాళ్ల సంగతి. తీరథ్‌గఢ్‌ల కిందికి పోవాలంటే రెండొందల పైన మెట్లు, వానల్లో పాచి, మెట్టు అంచు నున్నగా అరిగి ఉంటుంది, చెప్పులతో అస్సలు వద్దు, గ్రిప్ ఉన్న బూట్లు కావాలి. పెద్దావిడను దించకు, పై నుంచి కూడా మంచిగనే కనిపిస్తుంది, పైన కంకులు కాల్చి అమ్మేటోళ్లు ఉంటరు, ఒక కంకి చేతికిచ్చి కూసోబెట్టు, కానీ కోతులున్నయి, కంకి కనపడితే ఒళ్లోకి దుంకుతయి, కాబట్టి పక్కన ఎవరన్నా ఉండాలి. చిత్రకోట్ అయితే పెద్దోళ్లకు హాయి, బండి దిగి నాలుగడుగులు వేస్తే కనపడుతుంది. బడ్జెట్ ఉంటే అక్కడే టూరిజం వాళ్ల దండామి రిసార్ట్‌ల ఒక రాత్రి ఉండండి, సెలవు రోజులైతే ముందే బుక్ చేసుకోవాలి. జగదల్‌పూర్ ఊర్ల మామూలు లాడ్జీలు చాలానే ఉన్నయి.

చిత్రకోట్ దగ్గర్లనే తామ్డా ఘూమర్, మేంద్రీ ఘూమర్ అని రెండున్నయి, ఇవి ఎండాకాలంల పోతే ఉత్త బండలే, వానల్లోనే జలపాతాలు. మేంద్రీ ఘూమర్ కాడ లోయ నిండా మబ్బు పట్టి ఉండె మేము పొయ్యినప్పుడు, నీళ్లు పడేది కనపడుతుంది, యాడ పడుతున్నయో కనపడదు. గుహలు పోయినా ఇవి దక్కుతయి, నన్నడిగితే లెక్క సరిపోయినట్టే.

తిండికి ఇబ్బంది లేదు, అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర ప్రతిచోటా ఉంటది, కారం తక్కువ, ఒక చిన్న డబ్బాల మామిడికాయ తొక్కు పెట్టుకోండి. అంగడి రోజు తగిలితే ఆకు దొన్నెల ఎర్రచీమల చట్నీ అమ్ముతరు, చాప్‌డా అంటరు, పుల్లగా ఉంటది, శ్రావణం కాబట్టి అమ్మగారికి చెప్పకండి అదేందో. దోమల సంగతి మాత్రం సీరియస్‌గా తీసుకోండి, బస్తర్ల మలేరియా ఎక్కువ, పిల్లోడికి నిండు చేతుల చొక్కాలు, ఓడోమాస్, రాత్రి దోమతెర. వచ్చినంక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టర్‌కు బస్తర్ పొయ్యొచ్చినం అని తప్పకుండా చెప్పాలి, లేకపోతే మామూలు జ్వరం గోలీలు రాసి పంపిస్తరు.


గోదారొడ్డు:

భద్రాచలం వైపు నుంచి నేను చెప్తా. కుంట, సుక్మా రూటు అంటే ఎన్‌హెచ్ 30, భద్రాచలం దాటాక ఎటపాక దగ్గర నుంచే ఆంధ్రా, చింతూరు, ఆ తర్వాత కుంట, అక్కడ ఛత్తీస్‌గఢ్, సుక్మా, దర్భా ఘాటు ఎక్కి జగదల్‌పూర్. ఈ రూటుకి ఒక లాభం ఉంది, కాంగేర్ ఘాటీ అడవి ఈ హైవే పక్కనే వస్తుంది, జగదల్‌పూర్ వెళ్ళకముందే తీరథ్‌గఢ్ చూసేయొచ్చు. వరంగల్ వాళ్లకి చుట్టు ఎక్కువ, కానీ ఖమ్మం, కొత్తగూడెం వాళ్లకి ఇదే దగ్గర.

వానాకాలంలో దీని బాధ దీనికుంది. గోదారి ఎక్కువగా ఉన్నప్పుడు శబరి నీళ్లు దిగవు, ఎనక్కి ఎగదన్ని చింతూరు, చట్టి, కుంట దగ్గర రోడ్డు మీదకి వచ్చేస్తాయి, లారీలు కిలోమీటర్ల లైను కడతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చినప్పుడు మా బ్రిడ్జి మీదే బళ్లు ఆపేశారు, 1986లో 75.6 వచ్చిందంట, మా నాన్నగారు ఇప్పటికీ ఆ ముచ్చట చెప్తారు, ఆ తర్వాత అంత పెద్దది ఇదే. మరి అలాంటప్పుడు ములుగు అన్నగారు చెప్పిన టేకులగూడెం రూటూ మునుగుద్ది, మాదీ మునుగుద్ది, ఒకటి పోతే ఇంకోటి ఉందిలే అనుకోవద్దు. రెండు దారులూ ఒకే గోదారి చేతిలో ఉన్నాయి.

రెండూ తెరిచి ఉంటే మాత్రం నా సలహా, వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. బీజాపూర్ మీదగా వెళ్తే గీదం, దంతెవాడ, బార్సూర్, చిత్రకోట్ ముందు వస్తాయి, వచ్చేటప్పుడు తీరథ్‌గఢ్ చూసుకుని సుక్మా మీదగా దిగి భద్రాద్రి రాముణ్ణి దర్శనం చేసుకుని వెళ్ళొచ్చు. అమ్మగారు ఉన్నారు కాబట్టి చెప్తున్నా.


ఓరుగల్లు_పాతముచ్చట:

అందరూ తొవ్వ చెప్పిండ్రు, మన వరంగల్ వాళ్లకు ఆ ఊరితో ఉన్న చుట్టరికం మాత్రం ఎవరూ ఎత్తలేదు. 1323ల ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యం చేతిల పడ్డంక, ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదారి దాటి ఆ అడవుల్లకు పొయ్యి బస్తర్ రాజ్యం నిలబెట్టిండని అక్కడి రాజవంశం చెప్పుకునే చరిత్ర. అంటే మీరు ఎన్‌హెచ్ 163 మీద పొయ్యే దిక్కే ఆయన పొయ్యింది. రాజధాని బార్సూర్, దంతెవాడ, బస్తర్ అనే ఊరు, ఆఖరుకు జగదల్‌పూర్. ఆ వంశపు ఇప్పటి వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ 2022 జులైల కాకతీయ వైభవ సప్తాహానికి వరంగల్ వచ్చిండు, భద్రకాళి గుడికి పొయ్యిండు, కోట చూసిండు, ఆరోజు ఊరంతా ఒకటే జనం.

అందుకని గీదం దాకా పొయ్యినోళ్లు పక్కనే పన్నెండు కిలోమీటర్లున్న దంతెవాడకు పోకుండా రావొద్దు. దంతేశ్వరి గుడి శంఖిని, డంకిని అనే రెండు వాగుల సంగమం కాడ ఉంటది. అమ్మవారు అన్నమదేవుని వెంట ఓరుగల్లు నుంచే వచ్చిందని, ఎనక్కి తిరిగి చూడొద్దని షరతు పెట్టిందని, ఇసుకల గజ్జెల సప్పుడు ఆగంగనే రాజు తిరిగి చూసిండని, అక్కడనే నిలబడిపొయ్యిందని కథ. ప్యాంట్ మీద లోపలికి పోనియ్యరు మగవాళ్లను, ధోతి కట్టుకోవాలె, ఒకటి సంచిల పెట్టుకోండి. బార్సూర్ల రెండు పెద్ద వినాయకులు పక్కపక్కన ఉంటరు, ముప్పై రెండు స్తంభాల గుడి ఉన్నది, మామా భాంజా గుడి ఉన్నది, వానల రాయి నల్లగా తడిసి ఉన్నప్పుడు చూస్తేనే ఆ శిల్పం చెక్కుడు తెలుస్తది.

ఇంకొకటి, మీరు పొయ్యే టైముకు అక్కడ దసరా మొదలై ఉంటది. నవ్వకండి, బస్తర్ దసరా డెబ్బై అయిదు రోజులు, శ్రావణానికి ముందొచ్చే అమావాస్య, వాళ్లు హరేలీ అంటరు, ఆ రోజు రథం కోసం అడవి నుంచి కట్టె తెచ్చి పాట్ జాత్రా చేసి మొదలుపెడతరు. రావణుణ్ణి కాల్చుడు లేదు అండ్ల, అంతా దంతేశ్వరి అమ్మవారి పండుగ. రథం తయారు చేసుడు, లాగుడు తర్వాత ఉంటది కాని జగదల్‌పూర్ల ఆ సందడి అప్పుడే షురూ అయితది.


చౌరస్తా_చాయ్:

ఎర్రచీమల చట్నీ అనంగనే నేను కూడా పోదామనుకుంటున్న. బండ్ల ఒక సీటున్నదా.


హన్మకొండ_వ్యాగన్ఆర్:

అందరికీ మస్తు థ్యాంక్స్, ఇంట్ల అందరికీ చదివి వినిపించిన. ఆగస్టు 15 క్యాన్సల్. కాజీపేట అక్క పొయ్యినట్టే సెప్టెంబర్ల వినాయక నిమజ్జనం అయినంక, వాన పడి రెండు మూడు రోజులు తెరిపిచ్చినంక, గోదారి దిగుతున్నప్పుడు పోదామని నిర్ణయం అయ్యింది, అప్పటికి శ్రావణం కూడా అయిపోతది. బీజాపూర్ మీదికెళ్లి పోతం. మొదటి రాత్రి జగదల్‌పూర్, రెండోరోజు తీరథ్‌గఢ్, తర్వాత చిత్రకోట్ల ఉండి, వచ్చేటప్పుడు బార్సూర్, దంతెవాడ చూస్కోని అదే తొవ్వల వాపస్. భద్రాచలం తొవ్వ ఈసారి కాదు, అమ్మ మాత్రం ఆ ముక్క చదివినంక రాముణ్ణి వదిలేస్తవా అని గుర్రుగ చూస్తున్నది. గుహలు లేవనంగనే చిన్నోడు ఏడ్చిండు, కళ్లు లేని చేప బొమ్మ ఏస్కోని ఊకున్నడు.

ఒకటే డౌటు, బార్డర్ల కార్‌కు పర్మిట్ గిట్ల ఏమన్న తీస్కోవాల్నా? మా బావ వాళ్ల ట్యాక్సీ ప్లేట్ బండి కూడా రావచ్చు వెంబడి.


ములుగు_మనిషి:

నీ సొంతబండికి పర్మిట్ అక్కర్లేదు తమ్మీ, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డేట్లు ఉన్నయో లేవో చూస్కో, అంతే. మీ బావ ట్యాక్సీ అయితె, దానికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ లేకుంటె, వేరే రాష్ట్రం పోవాలంటే టాక్స్ కట్టి టెంపరరీ పర్మిట్ తీస్కోవాలె, ఆన్‌లైన్ల ముందే చేయమను, తార్లగూడెం కాడ నిలబడి ఫోన్ నొక్కుకుంట కూసుంటే అక్కడ సిగ్నల్ నీకోసం ఆగదు. ఏటూరునాగారంల ట్యాంక్ ఫుల్ చేయించుర్రి, పైసలు కొన్ని చేతిల ఉంచుకోండ్రి, మధ్యల ఫోన్‌పే నడవని ఊర్లున్నయి.

బయలెల్లే ముందురోజు రాత్రి ఇక్కడ ఒక మాట అడుగు, మా బామ్మర్ది వాజేడుల ఉంటడు, టేకులగూడెం కాడ నీళ్లెట్లున్నయో కనుక్కోని చెప్త. స్టెప్నీల గాలి కూడా కొట్టించు, అది ఎవ్వడూ చూడడు.


కాజీపేట_డ్రైవరమ్మ:

@చౌరస్తా_చాయ్ సీటు సంగతి తర్వాత, ముందు ధోతి కట్టుకోవడం వచ్చా నీకు?